పదమూడు ముక్కల చెయ్యి, అయిదు ముక్కల ఆట

నాకు గోవా వెళ్లాలనిపించిన మాట నిజం. దానికి నా భార్య బంగారమ్మ ఒప్పుకోవాలి, అదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య నేను గణితశాస్త్రాన్ని ఇరికించబోయాను. నా తప్పల్లా అక్కడుంది.

మా బావమరిది అమ్మిరాజు కిందటేడు గోవా వెళ్లి, అక్కడి పడవ కేసినోలో ఒక మిషన్ చూసొచ్చాడు. అప్పట్నుంచీ నోరు తెరిస్తే దాని గురించే. కాయిన్ వేస్తే అయిదు ముక్కలిస్తుంది. కావాల్సినవి ఉంచుకుని మిగతావి పారేస్తే వాటి బదులు కొత్తవి ఇస్తుంది, అదీ ఒక్కసారే. ఒకేరకం ముక్కలు మూడు పడితే వేసిన కాయిన్ తిరిగొస్తుంది. అంతకంటే పెద్దవి పడితే రేటు పెరుగుతుంది. పైగా రెండు అంకె ఉన్న నాలుగు ముక్కలూ జోకర్లే.

జోకర్ అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. భీమవరం చుట్టుపక్కల పదమూడు ముక్కలాటలో నన్ను ‘డ్రాప్ లేని జగపతిరాజు’ అంటారు. ఎంత చెత్త పేక పడినా ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఆట వదిలి తప్పుకోలేదు. దానివల్ల ఎంత పోయిందో మాత్రం అడగకండి.

చిక్కేమిటంటే, అమ్మిరాజు టికెట్లు తీద్దామన్న వారంలోనే బంగారమ్మ అన్నవరంలో వ్రతం చేయించుకోవాలనుకుంటోంది. మూడేళ్లుగా అనుకుంటూనే ఉంది. ఒక ఏడు మా చెరువులో రొయ్యల పట్టుబడి అన్నాను, ఒక ఏడు మోకాలు అన్నాను, కిందటేడు ఏమన్నానో నాకే గుర్తులేదు.

“అది జూదం కాదు బంగారం, గణితం,” అన్నాను మధ్యాహ్నం భోజనాల దగ్గర. “ఏ ముక్క ఉంచాలో, ఏది పారేయాలో చెప్పే చార్టు ఉంది. దాని ప్రకారం ఆడితే వంద కాయిన్లకి వందా ముప్పావు తిరిగొస్తాయి.”

“మరి ఆ మిషన్ పెట్టినాయన ఏం తింటాడండీ?”

“అందరూ చార్టు చూసి ఆడరు కదా. తప్పులాడేవాళ్ల మీద బతుకుతాడు.”

“అయితే మీరు వెళ్తే ఆ కుటుంబం ఓ పూట బాగా తింటుందన్నమాట,” అని పప్పు వడ్డించింది.

నాకు రోషం వచ్చింది. అది రావాలనే ఆ మాట అన్నదని ఇప్పుడు తెలుస్తోంది.

“డబ్బుల్లేకుండా ఫోన్లో ఆడుకునేది ఉందన్నారు కదా,” అంది. “తలో రెండొందల కాయిన్లతో మొదలెడదాం. ఆటకొకటి చొప్పున రెండొందల ఆటలు. మీకెక్కువ మిగిలితే గోవా వెళ్లండి, బ్యాగు నేనే సర్దుతాను. నాకెక్కువ మిగిలితే అన్నవరం.”

“నీకు ఇస్పేటుకీ కళావరుకీ తేడా తెలీదు.”

“చార్టు ఉందన్నారుగా. నాకో కాపీ ఇవ్వండి.”

నవ్వుకుంటూ ఇచ్చాను. బంగారమ్మ దాన్ని రాజమండ్రిలో చదువుతున్న మా అమ్మాయి భవ్యకి పంపి, తెలుగులో రాయించుకుని, వంటింటి అల్మారా తలుపుకి అంటించింది.

ముందు నా వంతు. వాకిట్లో కుర్చీ వేసుకుని మొదలుపెట్టాను. చార్టు నాకు నోటికొచ్చు. చేతికే రాదు. జోకరూ జతా ఏమీ లేని చెత్త పడితే, మొహమాటం లేకుండా అయిదూ పారేయమంటుంది చార్టు. నా వేలు ఒప్పుకోదు. ఆఠీను నాలుగు, అయిదు కనిపిస్తే చాలు, ఆరు వస్తుందని ఆగుతుంది. పదమూడు ముక్కలాటలో అయితే ఆ ఆరు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇక్కడ మళ్లీ అవకాశమే లేదు. ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆగాను, అరవై ఏడు సార్లు.

నూట పదో ఆటలో చెరువు దగ్గర్నుంచి శ్యాంబాబు ఫోన్ చేశాడు. మా రొయ్యల చెరువు ఇరవై ఏళ్లుగా చూసుకుంటున్న మనిషి.

“మేత అయిదు బస్తాలొచ్చిందండి. ఏం చేయమంటారండి?”

నేను తెరమీది ముక్కల్నే చూస్తున్నాను. ఈసారైనా చార్టు మాట విందామని మనసు గట్టి చేసుకుంటున్నాను. “అయిదూ పారెయ్,” అన్నాను.

“అయిదూనా అండి?”

“ఆలోచించకు. పారెయ్.”

రెండో బస్తా నీళ్లలో పడ్డాక మళ్లీ ఫోన్ చేశాడు, మూడోది కూడానా అని. స్కూటరు మీద ఎలా వెళ్లానో తెలియదు. గంటసేపు ఇద్దరం వలతో మేత తోడాం. మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చి మిగతా ఆటలు పూర్తి చేశాను. నూట నలభై ఎనిమిది కాయిన్లు మిగిలాయి.

బంగారమ్మ పొయ్యి మీద సాంబారు పెట్టి మొదలుపెట్టింది. ముక్కలు చూడటం, తలుపు చూడటం, పారేయడం. శుక్రవారం ఫ్రిజ్ ఖాళీ చేసినట్టు అయిదేసి ముక్కలు పారేస్తోంది. సాంబారు దించేసరికి ఆవిడ దగ్గర రెండొందల తొమ్మిది ఉన్నాయి.

“రెండొందల ఆటల్లో అదృష్టానిదే పైచేయి,” అన్నాను.

“అలాగే అనుకోండి. పందెం పందెమే కదండీ.”

అప్పుడు నాకు తెలివొచ్చింది. “పోనీలే, చార్టు నిజమని నువ్వే తేల్చావు కదా. నేనిక చార్టు జేబులో పెట్టుకునే ఆడతాను. అన్నవరం వచ్చే నెల వెళ్దాం.”

బంగారమ్మ తన ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. కిందటేడు అమ్మిరాజు మిషన్ పక్కన నిలబడి తీయించుకుని, బంధువులందరికీ పంపిన ఫోటో అది. ఆవిడ తమ్ముణ్ణి పక్కకు జరిపి, వెనకున్న రేట్ల బోర్డు పెద్దది చేసింది.

“ఒకేరకం నాలుగు పడితే మన ఫోన్లో అయిదు కాయిన్లిచ్చాడు. చార్టులో లెక్కా అదే. గోవావాడు ఎంతిస్తున్నాడో చదవండి.”

చదివాను. నాలుగు.

“నాకు నాలుగేసి పదమూడు సార్లు పడ్డాయండి, రాసుకున్నాను. సారికొకటి తగ్గితే పదమూడు పోతాయి. రెండొందల తొమ్మిది కాస్తా నూటతొంభై ఆరు. అంటే తప్పు లేకుండా ఆడినా నష్టమే. కిలోకి అయిదు రూపాయలు కోస్తే రొయ్యలు కొనేవాడి వ్యాను గట్టు దాటనివ్వరు మీరు. రేటు చూడకుండా గోవా దాకా వెళ్తారా?”

బోర్డు మరోసారి చదివాను. నాలుగే.

“గెలవాలని ఆడలేదండి,” అంది మెల్లగా. “మూడేళ్లుగా అడిగి అడిగి నాకే సిగ్గుగా ఉంది. మళ్లీ అడక్కుండా మీరొచ్చే దారి ఇదొక్కటే కనిపించింది.”

ఈసారి నాకు నిజంగా సిగ్గేసింది. అడగాల్సిన అవసరం లేని మనిషిని మూడేళ్లు అడిగించాను. ఏదో అనబోతుంటే బల్ల మీద నా ఫోన్ మోగింది. బంగారమ్మ స్పీకర్ నొక్కింది.

“బావగారూ, అక్క ఒప్పుకుందా?” అమ్మిరాజు గొంతు. “లేకపోతే ముంబయిలో రొయ్యల మీటింగని చెప్పేయండి. మా ఇంట్లో అదే చెప్పాను.”

“మీటింగ్ ఎన్ని రోజులు తమ్ముడూ?” అంది బంగారమ్మ.

అమ్మిరాజు గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

“అక్కా, బాగున్నావా? బావగారే గోవా గోవా అని ఒకటే పోరు. నాకసలు ఇష్టం లేదు. ఇంతకీ అన్నవరం ఎప్పుడు పెట్టుకున్నారు? కారు నేను తెస్తాను.”

అక్కాతమ్ముళ్లు పది నిమిషాల్లో అంతా తేల్చేశారు. అమ్మిరాజు బండి నడుపుతాడు, పక్కన బంగారమ్మ. వెనక కిటికీల దగ్గర అమ్మిరాజు భార్య, భవ్య. మధ్యలో నేను, ఒళ్లో కొబ్బరికాయల సంచి. వచ్చేటప్పుడైనా కిటికీ పక్కన కూర్చోవచ్చా అని అడిగాను.

“చూద్దాం లెండి,” అంది బంగారమ్మ.