రెండు వందల మంది నూటికొక్కళ్ళు

ఒక పెద్ద అడవిలో ఒక గణాంక మహాపీఠం ఉండేది. అడవి ఎంత పెద్దదని మాత్రం అడక్కండి. అది తేల్చడానికే పీఠం పెట్టారు, అరవై ఏళ్ళుగా తేలుస్తూనే ఉన్నారు.

పీఠం అంటే కొండ కింద ఒక గుహ. గుహ ముందు నల్లరాతి పలక. పలక మీద ‘అడవిలో ప్రాణులు 1,900’ అని చెక్కి ఉండేది. గుహలోపల అడవి పాత లెక్కలన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పుకునేవారు. చూసినవాళ్ళు లేరు. లోపలికి వెళ్ళాలంటే డాక్టరేట్‌లో సీటు రావాలి.

ఆ సీటు కావాలనుకుంది నాంచారమ్మ అనే ఏదుపంది. పేరు ముందు డాక్టర్ అని తగిలించుకోవాలని కాదు, ఆమె ఒంటికి తగిలించుకున్నవి చాలు. ఆమె గోల వాగు గురించి.

వాగు మధ్యలో ఏనుగు ఆకారంలో ఒక రాయి ఉంది. ఏటా నడివేసవిలో నీళ్ళు ఆ రాయికి ఎక్కడిదాకా ఉన్నాయో నాంచారమ్మ వెళ్ళి చూసేది. ఊడిన ముల్లొకటి తీసుకుని, దాని మీద పంటితో గాటు పెట్టి, బొరియ గోడకి గుచ్చేది. పదకొండు వేసవులకి పదకొండు ముళ్ళు అయ్యాయి. మొదటి ఏడు నీళ్ళు రాతి ఏనుగు కడుపుని తాకేవి. ఈ ఏడు మోకాలు కూడా బయటపడింది.

“పైన ఊట పూడిపోతోంది మాస్టారూ. తవ్వించమంటే పెద్దపులి దొర వినడం లేదు. ‘వాగన్నాక తగ్గుతుంది, పెరుగుతుంది, నీ పదకొండేళ్ళ గాట్లు ఎవడిక్కావాలి, పాత లెక్క తే’ అంటున్నాడు” అంది నాంచారమ్మ.

మాస్టారంటే తాబేలు కూర్మయ్య. నాంచారమ్మ ఏ బడికీ పోలేదు. ఈయన ఎండకి ఆరుతూ చెప్పిన నాలుగు ముక్కలు విని, మిగతాది ఇసకలో గీసుకుని తనే నేర్చుకుంది.

“దొర అడిగింది సబబే. పాత లెక్క గుహలో ఉంటుంది. దరఖాస్తు పెట్టమ్మా” అన్నాడు కూర్మయ్య. ఆ మాట అంటూ మెడ కొంచెం లోపలికి లాక్కున్నాడు. ఎందుకో నాంచారమ్మ గమనించలేదు.

పీఠం గుమాస్తా కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకునే ఫారం చేతికిచ్చింది.

“నీ ఆశయం గురించి ఒక వ్యాసం. గురువుగారి సిఫార్సు ఉత్తరం. నెమలి కూతలో ఉత్తీర్ణత పత్రం. మూడూ కావాలి.”

“లెక్కపెట్టడానికి నెమలి కూత దేనికయ్యా?”

“పెద్ద చదువు కదమ్మా.”

“నెమళ్ళు లెక్కపెడతాయా?”

“పెట్టవు. అందుకే వాటికంత గౌరవం” అంది కొంగ, కళ్ళు తెరవకుండానే.

గుహకి పది అడుగుల దూరంలో పొద కింద నక్క గవర్రాజు కన్సల్టెన్సీ. బయట వరస నిలబడి ఉంది. జింకలు, కోతులు, అడవిపిల్లులు, ఇద్దరు ముసలి దుప్పులు కూడా. నాంచారమ్మని చూడగానే గవర్రాజు తోక ఊపుకుంటూ వచ్చాడు.

“రా నాంచారక్కా! వ్యాసం సిద్ధంగా ఉంది. ‘పసితనంలో మా తాతగారి ఒళ్ళో కూర్చుని ఆకాశంలో చుక్కలు లెక్కపెడుతున్నప్పుడే నాలో గణాంక జిజ్ఞాస మొలకెత్తింది.’ ఎలా ఉంది?”

“మా తాత ఒళ్ళో కూర్చుని ఉంటే నేను బతికి బట్టకట్టేదాన్నట్రా?”

గవర్రాజు ఆమె ముళ్ళ వంక చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. “పోనీ తాతగారి పక్కన అని మార్చేద్దాం. అందరికీ ఇదే ఇస్తున్నాను, కప్పకి కూడా తాత ఒడే రాశాను. ఇక సిఫార్సు ఉత్తరం. అదీ నేనే రాస్తాను. పీఠంలో పెద్దలెవరో ఒకరు కాలి ముద్ర వేసి పెడతారు. ‘నా వందమంది శిష్యుల్లో ఈమె మొదటిది’ అని ఉంటుంది.”

“వాళ్ళు నన్ను చూడనే లేదే!”

“చూస్తే రాయలేరక్కా” అన్నాడు గవర్రాజు ఎంతో ఓపిగ్గా.

నాంచారమ్మ తన వ్యాసం తనే రాసుకుంది. అందులో తాత లేడు, చుక్కలు లేవు, పదకొండు గాట్లున్నాయి. ఉత్తరం కూర్మయ్య రాశాడు. నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

‘నాకు శిష్యులు ముగ్గురు. కోతి పాఠం మధ్యలో చెట్టెక్కి దిగలేదు. కుందేలు అంకె రాకముందే జవాబు చెప్పేది. మూడోది నాంచారమ్మ, ముగ్గురిలో మొదటిది. తను చూడని అంకె రాయదు.’

నెమలి కూత పరీక్షకి కూడా పోయింది. ఆమె కూత విని నెమలి రెక్కలతో చెవులు మూసుకుంది. ఫలితం తర్వాత చెబుతామన్నారు.

ఎంపిక రోజున గుహ ముందు అడవంతా కూడింది. పీఠాధిపతి అడవిదున్న వీరభద్రయ్య రాతి మీద ఎక్కి నిలబడ్డాడు. మెడలో మూరెడు పూలదండ. మాట్లాడుతూ మధ్యమధ్యలో దాన్నే నములుతున్నాడు.

“మొత్తం దరఖాస్తులు రెండు వందల ఒకటి. అందులో రెండు వందల మంది నూటికొక్కళ్ళు! ఇంతటి ప్రతిభ ఏ అడవిలోనైనా ఉందా? పదిమందికే సీట్లున్నాయి. అందరూ సమానమే కనక, గవర్రాజు తెచ్చిన వరసలో ముందున్న పదిమందినీ తీసుకున్నాం.”

చప్పట్లు.

“ఆ మిగిలిన ఒక్కటీ ఎవరిదండీ?” అంది నాంచారమ్మ.

వీరభద్రయ్య జాబితా రాసిన ఆకు తిరగేశాడు. “నీదేనమ్మా. వాళ్ళు వందలో ఒకరు. నువ్వు ముగ్గురిలో ఒకత్తివి. అంటే నూటికి ముప్పైముగ్గురిలో పడ్డావన్నమాట. లెక్క ఎటు తిప్పినా ఆఖరుదానివి. బాధపడకు, వచ్చే ఏడాది ఎక్కువమంది శిష్యులున్న గురువుని చూసుకో.”

జనం నవ్వారు. కూర్మయ్య తల డిప్పలోకి పోయింది. అది చూసి నాంచారమ్మ ముళ్ళు ఒక్కసారి జరజరా లేచాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళు వెనక వరసలోకి వెళ్ళారు.

“ఒక్క చిన్న ఎక్కం చెప్పండి పీఠాధిపతిగారూ. ఒక వందమందిలో మొదటివాళ్ళు ఎంతమంది ఉంటారు?”

“ఒక్కడే.”

“మరి రెండు వందల మంది మొదటివాళ్ళుంటే ఎన్ని వందలుండాలి?”

వీరభద్రయ్య దండ నమలడం ఆపాడు. “రెండు వందల... వందలు.”

“అంటే ఇరవై వేలమంది శిష్యులు. మీ పలక మీద చూడండి. చీమా దోమా పోగా అడవి మొత్తానికి పంతొమ్మిది వందల ప్రాణులం, నేనూ ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాను. ఆ మిగతావాళ్ళు ఎక్కడున్నారు స్వామీ, గుహలో దాచారా?”

కొంగ మొదటిసారి రెండో కాలు కింద పెట్టింది.

ఉత్తరాలు అబద్ధమందామా అంటే, వాటిలో నలభైంటి మీద ముద్ర వీరభద్రయ్య గిట్టదే. పలక అబద్ధమందామా అంటే, అదీ ఆయనే చెక్కించాడు. గవర్రాజు పైకెక్కి చెవిలో ఏదో ఊదాడు. దున్న మొహం విప్పారింది.

“సోదరులారా! ఈ ఏదుపంది తెలియక ఒక మహా సత్యాన్ని బయటపెట్టింది. ఉత్తరాలు పండితులు రాసినవి. వాటికి తిరుగులేదు. పలక పాతబడింది. మన దొరవారి చల్లని పాలనలో అడవి జనాభా ఇరవై వేలకి పెరిగింది!”

చప్పట్లు ఈసారి ఇంకా గట్టిగా మోగాయి. తాము ఇంతమంది ఉన్నామని తెలిసి అందరికీ సంతోషమేసింది. సాయంత్రానికల్లా పలక మీద అంకె మార్చారు.

మర్నాడు పెద్దపులి దొర పలక చూడ్డానికి స్వయంగా వచ్చాడు. చదివి, మూతి నాక్కున్నాడు.

“బాగుంది వీరభద్రయ్యా. మన పాత ఒప్పందం గుర్తుందిగా? వెయ్యి ప్రాణులకి ఒకటి చొప్పున వారం వారం నాకు భోజనం. ఇన్నాళ్ళూ రెండుతో సరిపెట్టుకున్నాను. ఇప్పుడు ఇరవై.”

వీరభద్రయ్య గొంతులో పూలదండ అడ్డం పడింది.

“భయపడకు. పాతవాళ్ళ జోలికి రాను, వాళ్ళకి రెండే. మిగతా పద్దెనిమిదీ కొత్తగా తేలినవాళ్ళలోంచి పంపు. నలభై ఉత్తరాలు రాశావట. అంటే నాలుగు వేలమంది శిష్యులు! అదృష్టవంతుడివి. నీతోనే మొదలెడదాం. ఆదివారానికి పద్దెనిమిది మంది శిష్యులు రావాలి.”

“దొరా... శిష్యులు ఒకవేళ... అందుబాటులో లేకపోతే?”

“గురువు ఉన్నాడుగా” అన్నాడు దొర దయగా.

ఆ పూటే వీరభద్రయ్య పరుగున వెళ్ళి లెక్కలో పొరపాటు జరిగిందని కాళ్ళ మీద పడ్డాడు. దొర వినలేదు. “నిన్న ఇరవై వేలన్నావు, ఇవాళ కాదంటున్నావు. నీ నోటి లెక్క నేను నమ్మను. పీఠం బయటివాళ్ళెవరైనా లెక్కపెట్టి రాసిస్తే చూస్తాను” అన్నాడు. గవర్రాజు అప్పటికే పొద ఖాళీ చేసి పక్క అడవికి వెళ్ళిపోయాడు. అక్కడ విదేశీ విద్యకి దరఖాస్తులు రాసిపెడుతున్నాడని వినికిడి.

శనివారం పొద్దున్న నాంచారమ్మ బొరియ ముందు వీరభద్రయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

“అమ్మా నాంచారమ్మా, నీ సీటు నీకిచ్చేశాను. దొరకి ఒక్క ఉత్తరం రాసిపెట్టు తల్లీ. ఏం రాయాలో నేనే రాసుకొచ్చాను. నువ్వు ముల్లు గుచ్చితే చాలు.”

“నేను చూడని అంకె రాయను. ముందు గుహ తెరవండి.”

గుహ తెరిచారు. నాంచారమ్మ, వెనకాలే కూర్మయ్య లోపలికి వెళ్ళారు. గోడ పొడుగునా అరవై వరసలు, ఏడాదికొకటి. నాంచారమ్మ ఆ చివర్నుంచి మొదలెట్టింది. కిందటేడు వాగు మట్టం: ‘నిరుటిలాగే’. అంతకు ముందేడు: ‘నిరుటిలాగే’. దాని ముందు: ‘నిరుటిలాగే’. గబగబా నడిచింది. యాభై తొమ్మిది వరసలూ ఒకే మాట, ఒకే గుండ్రటి అక్షరాలు, పక్కన పీఠాధిపతుల ముద్రలు.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నాళ్ళు దీనికోసమా ఎదురుచూసింది? అడవి పాత లెక్కంతా ఇదా?

“ఇంకొక్కటుందమ్మా” అన్నాడు కూర్మయ్య మెల్లగా.

అన్నిటికంటే ముందు, పొగచూరిన మూలలో, వంకర అక్షరాలతో ఒక వరస. ‘వాగు మట్టం రాతి ఏనుగు చెవి దాకా. నడివేసవిలో నేనే వెళ్ళి, ఈది, తాకి చూశాను.’

“ఇదెవరిది?”

“నాదే. పీఠం పెట్టిన ఏడు నన్ను లెక్కకి పెట్టుకున్నారు. మరుసటేడు కూడా వాగు దాకా పోతానన్నాను. అంత ఆలస్యంగా నడిచేవాడు పనికిరాడని తీసేశారు. తర్వాత ఎవరూ వెళ్ళలేదనుకుంటాను. వెళ్ళారేమోనని ఆశపడ్డాను.”

నాంచారమ్మ ఆ వరస మళ్ళీ చదివింది. ఒక చెవి, ఒక కడుపు, ఒక మోకాలు. అప్పటికప్పుడు ఒక ముల్లు పీకి ఉత్తరం రాసింది.

‘దొరవారికి. అడవిలో ప్రాణులు 1,900. పోయిన వారం నేను ఇంటింటికీ తిరిగి చూశాను. వీరభద్రయ్యగారి శిష్యులు సున్న. వాగు అరవై ఏళ్ళ కిందట చెవి దాకా, పదేళ్ళ కిందట కడుపు దాకా, ఈ ఏడు మోకాలి కింద. ఊట తవ్వకపోతే మూడు వేసవుల్లో ఎండిపోతుంది. నా లెక్క తప్పు కావచ్చు. తప్పని తేలేదాకా ఆగితే తాగడానికి మీకూ ఉండదు.’

దొర మొదటి వాక్యం చదివి నిట్టూర్చాడు. శిష్యుల మాట చదివి నవ్వాడు. వాగు మాట దగ్గర ఇక నవ్వలేదు. ఆయన తాగేదీ ఆ వాగు నీళ్ళే.

“ఆ రెండు వందల ఉత్తరాల మీద కాలి ముద్రలు వేసిన వాళ్ళందర్నీ పిలిపించండి. కాళ్ళు బాగా పనిచేస్తున్నట్టున్నాయి. ఊట తవ్వమనండి.”

నెల్లాళ్ళు తవ్వారు. పండితులంతా బురదలో మునిగి, గిట్టలు అరిగి, పూడిక ఎత్తిపోశారు. వీరభద్రయ్య ఎత్తింది తట్టెడు, ఎక్కువభాగం మాట్లాడుతూ నిలబడ్డాడు. ముప్పయ్యో రోజున ఊట బుడబుడమంది. మరుసటి వేసవికి రాతి ఏనుగు మోకాలు మళ్ళీ తడిసింది. నాంచారమ్మ పన్నెండో ముల్లు మీద గాటు పెట్టింది.

మర్నాడే గుమాస్తా కొంగ తాఖీదు తెచ్చింది. నెమలి కూతలో తప్పినందువల్ల నాంచారమ్మ సీటు రద్దు.

“సరే, ఆ గుహలో నాకింక చదవడానికేం మిగల్లేదులే” అంది నాంచారమ్మ.

కొంగ వెళ్ళలేదు. గొంతు సవరించుకుంది. “ఇంకో చిన్న పని ఉందమ్మా. పీఠాధిపతిగారు ఊట తవ్వినందుకు బిరుదు కోసం దరఖాస్తు పెట్టుకుంటున్నారు. కళ్ళారా చూసినదానివి నువ్వే కనక ఒక సిఫార్సు ఉత్తరం కావాలట. నూటికొక్కరని ఉంటే బాగుంటుందన్నారు.”

నాంచారమ్మ వెంటనే ముల్లు తీసింది. రాసి ఇచ్చింది.

‘ఊట దగ్గర తవ్వినవాళ్ళు సరిగ్గా వందమంది. నేను లెక్కపెట్టాను. వీరభద్రయ్యగారు వారిలో నూరోవారు.’

కొంగ సగమే చదివి, నూరు అన్న మాట చూసి, ఆనందంగా ముద్ర కొట్టి పట్టుకుపోయింది. బిరుదు వచ్చింది కూడా.

నీతి: అందరూ నూటికొక్కళ్ళే అయిన చోట మిగతా తొంభైతొమ్మిది మంది ఎక్కడని అడక్కండి, అడిగితే సీటు రాదు, పని మాత్రం మీకే పడుతుంది.