ఎదురొచ్చే మనిషి

ఆ ఆదివారం శశిభూషణ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్టు తినడం, తలంటు పోసుకోవడం, భార్య పావనినీ కూతురు సహస్రనీ వెంటబెట్టుకుని కొవ్వూరులో బస్సెక్కి, బ్రిడ్జి దాటి, రాజమండ్రిలో 'గాలిమనిషి' రెండో భాగం మ్యాట్నీ చూడటం. ఇంగ్లీషు సినిమాకి తెలుగు డబ్బింగు. మొదటి భాగానికి తీసుకెళ్తానని మాటిచ్చి, తాను గుమాస్తాగా పనిచేసే సహకార సంఘంలో ఆడిట్ పడటంతో తప్పించుకున్నాడు. ఆ సంగతిని పావని కూరలో ఉప్పు గురించి మాట్లాడుతూ కూడా మధ్యలోకి తెచ్చేది. అందుకే ఈసారి ముందురోజే వెళ్ళి మూడు బాల్కనీ టిక్కెట్లు కొనుక్కొచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. ఇప్పటికైనా పెళ్ళాం కళ్ళకి తానూ ఒక మగాడిలా ఆనాలని అతని తాపత్రయం.

"గాలిమనిషి పగలు లిఫ్టులు రిపేరు చేస్తాడు నాన్నా" అంటూ సహస్ర పెసరట్టు ముందు కూర్చుని కథ అందుకుంది. "ఎవరికైనా కష్టం వస్తే ముసుగేసుకుని ఎగురుకుంటూ వెళ్ళిపోతాడు. ఈ పార్టులో అందరూ పిలుస్తూనే ఉంటారంట. ఇంటికి వెళ్ళడానికే కుదరదంట. ఉద్యోగం కూడా ఊడిపోతుందంట. మా క్లాసులో చెప్పారు."

"పాపం! అచ్చం మన గణేష్‌బాబు గారిలాగే" అంది పావని.

శశిభూషణ్‌కి ఆ మాటతో పెసరట్టు రుచి పోయింది.

గణేష్‌బాబుది ఎదురిల్లు. సెంటర్లో పంపుసెట్లు బాగుచేసే షాపు ఉంది. పొడగరి, నొక్కుల జుట్టు, నుదుట కుంకుమబొట్టు, ఎప్పుడూ నవ్వుమొహం. ఏడాది కిందట ప్రసన్నకుమారి టీచరు బదిలీ కౌన్సెలింగుకి బయల్దేరుతుంటే పాలచెంబుతో ఎదురొచ్చాడు. ఆవిడకి కోరుకున్న ఊరే దొరికింది. ఆ మర్నాడు పోలవరం వైపు పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళకి ఎదురొచ్చాడు. ఆ సంబంధమూ కుదిరింది. ఇక అప్పట్నుంచీ ఆ వీధిలో ఎవరు మంచి పనిమీద గడప దాటాలన్నా గణేష్‌బాబు ఎదురు రావలసిందే. "గణేష్‌బాబు గారండీ, ఒక్కసారి ఎదురొచ్చేద్దురూ!" అని కేక వినబడగానే అతను చేతిలో పని వదిలేసి వీధి మొదటికి వెళ్ళి, అక్కణ్ణుంచి నవ్వుతూ నడిచి వచ్చేవాడు.

అది చూసినప్పుడల్లా శశిభూషణ్ కడుపు రగిలిపోయేది. తాను పుట్టింది ఈ వీధిలోనే, పెరిగింది ఈ వీధిలోనే. ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఎదురు రాలేదు? ఒక్కరంటే ఒక్కరు కూడా తనవల్ల పనయిందన్న పాపాన పోలేదు. పైగా కిందటి నెల ఒకాయన శశిభూషణ్‌ని చూడగానే "ఏదో మర్చిపోయానండి" అని వెనక్కి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాడు. ఆయన ఏమీ మర్చిపోలేదని శశిభూషణ్‌కి తెలుసు. "గణేష్‌బాబు గారి నవ్వు చూస్తేనే సగం పనైపోయినట్టు ఉంటుందండి" అని పావని అన్న రోజున అద్దం ముందు నిలబడి తానూ నవ్వి చూసుకున్నాడు. పంటినొప్పితో ఆస్పత్రికి వచ్చిన మనిషిలా కనబడ్డాడు. ఆ రోజంతా అన్నం సయించలేదు.

"మనం బయల్దేరేటప్పుడు కూడా ఆయన్ని ఎదురు రమ్మని చెప్తానండి" అంది పావని, అట్టు తిరగేస్తూ.

"సినిమాకి కూడానా?"

"మొదటి పార్టుకి ఆయన్ని పిలవకపోబట్టే కదండీ మీకు ఆడిట్ వచ్చింది!"

శశిభూషణ్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సరిగ్గా అప్పుడే ధాన్యం కమీషను వ్యాపారి దొరబాబు, సగం మొహానికి సబ్బునురగతో, కిటికీ దగ్గరికి వచ్చాడు. అతని భార్య తలుపులమ్మ పండక్కి చీర కొనలేదని అలిగి కాకినాడలో పుట్టింటికి వెళ్ళి కూర్చుంది.

"శశిభూషణ్ గారండీ, ఇవాళ మా ఆవిణ్ణి తీసుకొద్దామని వెళ్తున్నానండి. గడ్డం అయిపోగానే తొమ్మిదింటి బస్సుకి బయల్దేరతాను. ఎదురు రమ్మని గణేష్‌బాబు గారికి నిన్ననే చెప్పాను, కాస్త గుర్తుచెయ్యరా? మీకైతే ఖాళీయే కదండీ!"

ఆ చివరి మాట శశిభూషణ్‌కి సూదిలా గుచ్చుకుంది. "ఓ, అలాగే" అని చెప్పులు వేసుకుని వీధి దాటేలోపు అతని బుర్రలో వేరే ఆలోచన మొలిచింది. ఈ ఎదురేదో తానే వస్తే? తలుపులమ్మ వెనక్కి వస్తే? పావని ఏమంటుంది అప్పుడు?

గణేష్‌బాబు గుమ్మంలో నిలబడి సైకిలు తుడుచుకుంటున్నాడు. "దొరబాబు గారు ఇవాళ కాకినాడ వెళ్ళట్లేదంటండి. మీరు ఎదురు రానక్కర్లేదని చెప్పమన్నారు" అన్నాడు శశిభూషణ్, చూపులు పక్కకి తిప్పి.

"నిజంగానా అండి?" గణేష్‌బాబు మొహం విప్పారింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. సైకిలు లోపల పెట్టి, తలుపు వేసి గడియ పెట్టుకున్నాడు. మరీ ఇంత సులువుగా పనవుతుందని శశిభూషణ్ అనుకోలేదు.

తన నవ్వుమీద తనకే నమ్మకం లేదు కాబట్టి మిగతా హంగులన్నీ సమకూర్చుకున్నాడు. పెళ్ళినాటి పట్టుపంచె కట్టాడు. బొట్టు గణేష్‌బాబు బొట్టుకి రెండింతలు పెట్టాడు. పళ్ళెంలో కొబ్బరికాయ, పువ్వులు, ఒక అత్తం అరటిపళ్ళు సర్దాడు. అయినా ధైర్యం చాలలేదు. ఆవు ఎదురొస్తే అంతకన్నా శుభం లేదని వీధిలో శకునాలకి పెద్దదిక్కయిన సంపూర్ణమ్మగారు ఎన్నోసార్లు చెప్పారు. ఆవిడ ఆవే వీధి మొదట్లో కట్టేసి ఉంది. ఆవిడ పూజలో ఉన్నారు. ఎలాగూ అయిదు నిమిషాల్లో మళ్ళీ కట్టేస్తాం కదా అనుకుని పలుపు విప్పాడు.

దొరబాబు కొత్త చొక్కా వేసుకుని గడప దిగాడు. శశిభూషణ్ ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో పలుపు పట్టుకుని, మొహాన నవ్వు తగిలించుకుని నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు దివ్యంగా సాగింది. అయిదో అడుగులో ఆవుకి అరటిపళ్ళ వాసన తగిలింది. అది పళ్ళెంలో మూతి పెట్టింది. అతను పళ్ళెం పైకెత్తాడు. అది మెడ ఎత్తింది. ఇంకా ఎత్తాడు. కొబ్బరికాయ దొర్లి దాని నెత్తిమీద పడింది. అంతే, ఆవు తోక పైకెత్తి పరుగు లంకించుకుంది. పలుపు చేతికి చుట్టుకుని ఉండటంతో శశిభూషణ్ కూడా పరుగు లంకించుకున్నాడు. పట్టుపంచె ఒక కొస ఎక్కడో కుడితిగోలెం దగ్గర ఉండిపోయింది.

"దొరబాబు గారండీ, పక్కకి తప్పుకోండి!" అని అరిచాడు.

దొరబాబు తప్పుకున్నాడు. తప్పుకున్న వైపు మురుగుకాలవ ఉంది. మోకాళ్ళలోతు బురదలో కూలబడి, కొత్త చొక్కా చూసుకుని, "ఇదేం ఎదురండీ బాబూ! గణేష్‌బాబు గారు నవ్వుతూ వస్తారు, మీరు కుమ్మేస్తారా?" అని లబలబలాడాడు. పావని అరుగుమీద నిలబడి నుదురు కొట్టుకుంది. పూజ మధ్యలో లేచి వచ్చిన సంపూర్ణమ్మగారు "ఏవయ్యా శశీ, నా ఆవు నీకేం అపకారం చేసిందయ్యా?" అని నిలదీశారు. దొరబాబు మళ్ళీ స్నానం చేసి వచ్చేసరికి తొమ్మిదింటి బస్సు వెళ్ళిపోయింది. శశిభూషణ్ పంచె చుట్టుకుని అరుగుమీద కూలబడ్డాడు. ఇక ఈ వీధిలో తనని చూస్తే మంచినీళ్ళు తాగి బయల్దేరడం కాదు, అసలు బయల్దేరడమే మానేస్తారనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు వీధి మొదట్లో ఆటో ఆగింది. అందులోంచి పెట్టెతో సహా తలుపులమ్మ దిగింది.

"మా వదినతో రాత్రి మాటా మాటా వచ్చింది. తెల్లారి బస్సుకే వచ్చేశాను" అంది ఆవిడ ఎవరూ అడక్కుండానే. తల తుడుచుకుంటూ బయటికి వచ్చిన మొగుణ్ణి చూసి, "ఇంట్లోనే ఉన్నారా? తాళం కనబడితే ఇదే ఆటోలో వెనక్కి తిరిగి, మరి ఈ జన్మలో వచ్చేదాన్ని కాదు" అంది.

వీధంతా లెక్కలు వేసుకుంది. దొరబాబు బురదలో పడకపోతే బస్సెక్కేవాడు. బస్సెక్కితే ఇంటికి తాళం ఉండేది. అందరూ సంపూర్ణమ్మగారి వైపు చూశారు. ఆవిడ కళ్ళు మూసుకుని తీర్పు చెప్పారు.

"గణేష్‌బాబు ఎదురొస్తే వెళ్ళిన పని అవుతుంది. శశి ఎదురొస్తే వెళ్ళక్కర్లేకుండానే పని ఇంటికొస్తుంది. ఇది అంతకన్నా పెద్ద ఎదురు!"

దొరబాబు పరుగున వచ్చి శశిభూషణ్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆయ్, నోరు జారానండి, మనసులో పెట్టుకోకండి." మరో గంటలో శశిభూషణ్ బ్యాంకు పరీక్షకి వెళ్ళే ప్రసన్నకుమారి టీచరు తమ్ముడికి ఎదురొచ్చాడు, చుట్టాల్ని రైలెక్కించడానికి వెళ్ళేవాళ్ళకి ఎదురొచ్చాడు, కోడెదూడ బేరానికి వెళ్ళేవాళ్ళకి రెండుసార్లు ఎదురొచ్చాడు. నవ్వు దానంతటదే వచ్చేస్తోంది. ఎదురింటి తలుపు వైపు ఓరగా చూసి, ఏడవనీ అనుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, పావని అరుగుమీంచి అతన్నే చూస్తోంది. పెళ్ళైన కొత్తలో ఒకటి రెండుసార్లు చూసింది అలాగ, మళ్ళీ ఇప్పుడే.

భోజనాలయ్యాయి. పావని కొత్త చీర కట్టుకుని, టిక్కెట్లు పర్సులో పెట్టుకుని, వీధిలో అందరికీ వినబడేలా అంది. "ఏవండీ, ఇవాళ మాకు కూడా మీరే ఎదురు రావాలి."

"ఓ, దానికేం!" అని శశిభూషణ్ వీధి మొదటిదాకా హుషారుగా నడిచాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు. మెల్లగా తిరిగి వచ్చాడు. "అవునూ, మరి నేనెలా వస్తాను?"

"ఎదురొచ్చినవాడు వెంటబడి వెళ్ళకూడదు నాయనా. వెళ్తే ఆ ఎదురు చెల్లదు" అన్నారు సంపూర్ణమ్మగారు.

"అయితే గణేష్‌బాబు గారు వస్తారు ఎదురు! పిలవండి ఆయన్ని!" అన్నాడు శశిభూషణ్.

గణేష్‌బాబు ఇస్త్రీ చొక్కాతో బయటికి వచ్చాడు. వెనకాల భార్య సత్యకుమారి. "నా పని అయిపోయిందండి శశిగారూ" అన్నాడు వినయంగా. "ఏడాదిగా షాపుకి వెళ్దామని వీధి చివరిదాకా వెళ్తానా, ఎవరో ఒకరు ఎదురు రమ్మనేవారు. వచ్చేవాణ్ణి. మళ్ళీ వెళ్ళేవాణ్ణి, మళ్ళీ రమ్మనేవారు. వెళ్ళే యోగమే లేకపోయిందండి. బేరాలన్నీ పక్క షాపుకి పోయాయి. పొద్దున్న మీరొచ్చి రానక్కర్లేదని చెప్పినప్పుడు మీ కాళ్ళకి మొక్కాలనిపించింది. ఏమీ అనుకోకపోతే మీ టిక్కెట్టు ఎలాగూ ఖాళీయే కదండీ, దానిమీద నేను వెళ్తాను. మా ఆవిడకి కూడా అక్కడ ఒకటి కొనుక్కుంటాను."

పొద్దున తాను చెప్పిందంతా అబద్ధమనీ, తనలో ఏ మహిమా లేదనీ, తనని సినిమాకి పోనివ్వమనీ చెప్పెయ్యడానికి శశిభూషణ్ నోరు తెరిచాడు. పావని ఇంకా అలాగే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"సత్యకుమారి గారిని నీ పక్కన కూర్చోబెట్టుకో" అన్నాడు భార్యతో, పళ్ళ బిగువున. "ఆయన్ని ఆ చివర కూర్చోమను."

తరువాత వీధి మొదటికి వెళ్ళి, అక్కణ్ణుంచి నవ్వుతూ నడిచి వచ్చాడు. భార్య, కూతురు, గణేష్‌బాబు, సత్యకుమారి అతని పక్కనుంచే బస్టాండు వైపు వెళ్ళిపోయారు. గణేష్‌బాబు సహస్రకి దారిలో జీళ్ళు కొనిపెడతానంటున్నాడు. వెళ్ళేవాళ్ళని చూస్తే ఇంత కడుపుమంట ఉంటుందని శశిభూషణ్‌కి అప్పటిదాకా తెలియదు.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళు తిరిగి వచ్చారు. పావని కళ్ళు తళతళలాడుతున్నాయి. "ఎంత బావుందనుకున్నారు! ఆ గాలిమనిషి విసుగెత్తి ముసుగు చెత్తబుట్టలో పారేస్తాడండి. హాయిగా ఇంటికెళ్ళి పెళ్ళాంతో అన్నం తింటాడు. గణేష్‌బాబు గారైతే ఆ సీనుకి ఈల వేశారు."

"తరవాత?" అన్నాడు శశిభూషణ్ ఆశగా. "అలాగే ఉండిపోయాడా?"

"ఎలా ఉంటాడండీ? ఊరంతా పిలుస్తుంటే మళ్ళీ ముసుగేసుకున్నాడు."

ఇంతలో బయటినుంచి దొరబాబు కేక వినబడింది. "శశిభూషణ్ గారండీ! మా ఆవిణ్ణి చీరల కొట్టుకి తీసుకెళ్తున్నాను, ఒక్కసారి ఎదురొచ్చేద్దురూ!"

శశిభూషణ్ చెప్పులు వేసుకుని, రావడానికి వెళ్ళాడు.