మా పెరట్లో రేడియో స్టేషన్

మైకు అనే మా బావ విషయంలో నాకొక ఫిర్యాదు ఉంది. ఊరు ఆయన్ని ఇంకా సరిగ్గా గుర్తించలేదు, అదీ ఫిర్యాదు. మైకు ఆయన పేరు కాదు. ఎక్కడ మైకు కనిపిస్తే అక్కడ ఆగిపోతాడని జనం పెట్టుకున్న ముద్దుపేరు. మా ఆవిడకి సొంత అన్నయ్య, మా వార్డుకి మెంబరు. నేను రేడియోలు బాగుచేస్తాను. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కాబట్టి గొప్పవాళ్ళని చూసిన వెంటనే పోల్చుకోలేను. కాస్త ఆలస్యమవుతుంది.

ఆ రోజు వార్డు సభలో బావ ప్రకటించాడు. "ప్రపంచ దేశాలన్నీ మన వార్డుతో మాట్లాడాలని ఎదురుచూస్తున్నాయి. వాటిని ఇంకా కాయించడం మనకి మర్యాద కాదు."

అందుకని అమెచ్యూర్ రేడియో క్లబ్బు పెడుతున్నామన్నాడు. సర్కారు దగ్గర లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లో సెట్టు పెట్టుకుని, దేశదేశాలవాళ్ళతో సరదాగా మాట్లాడుకోవడం. తుఫానొచ్చి ఫోన్లన్నీ మూగబోయినా మన క్లబ్బు మాత్రం మాట్లాడుతూనే ఉంటుందన్నాడు. బావని ఎరిగినవాళ్ళెవరూ ఆ మాటని అనుమానించలేదు.

ప్రెసిడెంటు బావ. సెక్రటరీ బావ కారు డ్రైవరు. టెక్నికల్ అడ్వైజరు నేను, అంటే నిచ్చెన ఎక్కేవాణ్ణి.

ఏరియల్ స్తంభానికి చోటు కావాలి. మేడ మీద పాతితే స్లాబు కారుతుందని బావ భార్య ఒప్పుకోలేదు. ప్రజాప్రయోజనం దృష్ట్యా మా షాపు వెనక పెరడు ఎంపికైంది. మా నాన్న నాకు వదిలిపోయినవి ఆ షాపూ, ఆ పెరడే. బదులుగా నేను ఒక్కటే అడిగాను, నాకూ లైసెన్సు ఇప్పించమని. ముప్ఫయ్యేళ్ళుగా జనం సెట్లు బాగుచేస్తూ, ఎక్కడెక్కడివాళ్ళో మాట్లాడుకోవడం వింటున్నాను. వింటే ఎవరూ ఏమీ అనరు. నోరు విప్పాలంటే లైసెన్సు కావాలి, నీకంటూ ఒక కాల్ సైన్, అంటే సర్కారిచ్చే రేడియో పేరు, ఉండాలి. ఒక్కసారి నా కాల్ సైన్ చెప్పుకుని, ఇదుగో నేనూ ఉన్నానని అనాలనిపించేది.

"నీకు కాకపోతే ఎవరికి ఇప్పిస్తాను బావా" అన్నాడు. అని, ఒక కాగితం తీశాడు.

స్టేషన్ ఏ స్థలంలో ఉందో లైసెన్సులో ఆ అడ్రసే రాయాలట. దానికి స్థలంవాడి ఒప్పుకోలు కావాలట. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమంటే బావ మొదటి లైనూ ఆఖరి లైనూ చదివాడు. మధ్యలో ఉన్నవి మామూలు రూల్సే అన్నాడు. అన్నయ్య అంతవాడు అడిగితే చదివించుకోవడమేమిటని మా ఆవిడ చిన్నబుచ్చుకుంది. మూడు కాపీల మీద సంతకం పెట్టాను.

లైసెన్సుకి పరీక్ష ఉంటుంది. పరీక్షకి కట్టాలంటే మంచి నడవడి గలవాడని వార్డు మెంబరు సర్టిఫికెట్ ఇవ్వాలి. నా నడవడి గురించి తొందరపడి రాయలేనని, తీరిక చూసుకుని రాస్తానని బావ అన్నాడు. పరీక్ష తేదీ దాటేదాకా ఆయనకి తీరిక దొరకలేదు.

పరీక్షనాడు పొద్దున్నే, మోర్స్ కోడు చుక్కలూ గీతలూ కూతలుగా వినిపించే మిషను మొరాయించింది. బాగుచెయ్యడానికి నన్నే పిలిచారు. చేశాను. ఒకసారి సరిచూడమంటే, కూతలు వింటూ కాగితం నిండా తప్పు లేకుండా రాసిచ్చాను. పరీక్ష పెట్టే ఆఫీసరుగారు ఎంతో మెచ్చుకుని, మిగతావాళ్ళవి దిద్దడానికి నా కాగితాన్నే నమూనాగా పెట్టుకున్నారు. నన్ను మాత్రం వెంటనే బయటికి పొమ్మన్నారు. లోపల ఉండడానికి హాల్ టికెట్ లేదు కదా. బావ కాగితంలో తన పేరూ ఇంటి నంబరూ తప్ప ఏమీ లేవని తరవాత తెలిసింది. ఆ రెండిట్లోనూ తప్పుల్లేవు. పాసయ్యాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఆ సెట్టుకి ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మనం మాట్లాడతాం, వదిలితే అవతలివాడు మాట్లాడతాడు. బావ పద్దెనిమిది నిమిషాలు వదల్లేదు. మురిక్కాలవలు, వీధి దీపాలు, పక్క వార్డు మెంబరు చేతకానితనం, అన్నీ ప్రపంచానికి వివరించాడు. రేడియోలో రాజకీయాలు మాట్లాడకూడదు బావా అని చెవిలో చెప్పాను. ఇవి రాజకీయాలు కాదు, నిజాలన్నాడు. చివరికి వేలు తిమ్మిరెక్కి వదిలాడు.

సముద్రాల అవతలినుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "ఫైవ్ నైన్" అన్నాడు. అంటే నీ మాట అద్భుతంగా వినిపిస్తోందని. ఆ వెంటనే, నీ పేరేమిటి, ఊరేమిటి, ఒక్క ముక్కా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. ఈ రంగంలో పెద్దమనుషులు అందరికీ ఫైవ్ నైనే ఇస్తారు.

మర్నాడు గోడల మీద పోస్టర్లు పడ్డాయి. విదేశాల్లో మన మెంబరుగారికి యాభైతొమ్మిది మార్కులని. మిగతా నలభైఒకటీ ఏమయ్యాయని పక్క వార్డువాళ్ళు అడిగారు. బావ మళ్ళీ సెట్టు ముట్టుకోలేదు.

నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదని మా ఆవిడ అన్నయ్యతో మాటలు మానేసింది. మూడో రోజున నా నడవడి బాగుందని సర్టిఫికెట్ వచ్చింది. మరుసటి ఏడు పరీక్ష రాశాను. అందరికన్నా ఎక్కువ మార్కులు నావే. లైసెన్సు కోసం ఆఫీసుకి వెళితే, స్టేషన్ ఎక్కడ పెడతావని అడిగారు. పెరడు అడ్రసు చెప్పాను.

"అక్కడ మెంబరుగారి స్టేషన్ ఉందిగా" అన్నారు ఆఫీసరుగారు.

"పెరడు నాదేనండి."

ఆయన ఓపిగ్గా ఫైలు తెప్పించి, బావ చదవని మధ్య లైన్లు చదివి వినిపించారు. స్టేషన్ నడిచినన్నాళ్ళూ ఆ స్థలమూ, అందులో లేచే కట్టడాలూ స్టేషన్ పెట్టినవారివే.

"ఏడాదిగా నడవడం లేదండి" అన్నాను.

"ఆ సంగతి క్లబ్బు ద్వారా రాయించు. కింద ప్రెసిడెంటుగారి సంతకం ఉండాలి."

ఇంటికి తిరిగొచ్చేసరికి బావ మనుషులు స్తంభం పీకేశారు, పునాదులు తవ్వుతున్నారు. ఇప్పుడక్కడ మూడు షట్టర్లు ఉన్నాయి. మందుల కొట్టు, చెప్పుల కొట్టు, నడిమిది క్లబ్బు ఆఫీసు. సెట్టు అందులోనే బీరువా మీద ఉంది, ప్లగ్గు లేకుండా. బావని అడిగితే, స్టేషన్ నడుస్తోంది బావా అని భుజం తట్టాడు. ఎక్కడైనా ఇంత చోటు చూసుకోమన్నాడు, ఒప్పుకోలు కాగితం తానే దగ్గరుండి రాయిస్తానన్నాడు.

నా దరఖాస్తు ఇంకా ఆఫీసులోనే ఉంది, అడ్రసు గడి నింపలేదని. ఎంత ఇచ్చానో తెలియాలి కదా అని పెరడు మాత్రం టేపు పట్టించి కొలిపించాను. నలభైఆరున్నర చదరపు గజాలు.