వాథీలో కలుద్దాం

శుక్రవారం పొద్దున్న లేచేసరికి జీసిమోస్ మెడ పట్టేసింది. ఈమధ్య కొన్న పాత తెరచాప పడవలో గది పైకప్పుకి రంగు వేస్తూ వారం రోజులు తల పైకెత్తి ఉంచిన ఫలితం. తల కిందికి బాగానే వంగుతోంది, పైకి మాత్రం లేవడం లేదు. లేపబోతే నరం చురుక్కుమని, తల దానంతటదే గుండెల మీదికి వాలిపోతోంది. అయినా ఆయన ముఖంలో దిగులు లేదు. తెల్లవారితే ప్రయాణం.

వంటింటి బల్ల మీద సముద్రపు పటం పరిచారు. కింది అంచు చుట్టుకుపోకుండా భార్య ఎఫ్తెర్పీ తన కాఫీ కప్పు పెట్టింది. ఆ కప్పు సరిగ్గా ఇథాకా ద్వీపం మీద కూర్చుంది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"మొదటి రాత్రి వాథీలో," అంది ఎఫ్తెర్పీ. "అది మాత్రం మార్చడానికి వీల్లేదు. ఆ తర్వాత కాలమోస్‌కి పోదామా, పాక్సీకి పోదామా?"

జీసిమోస్ కాలమోస్ మీద వేలు పెట్టాడు.

"సరే, కాలమోస్. అక్కడ పైన్ చెట్లు నీళ్ళలోకి వంగి ఉంటాయట. ఆ పక్కనే కాస్తోస్. ఆ తర్వాత పాక్సీ. అబ్బ, పాక్సీకి గాలి ఎదురు కదూ? ఎదురైతే ఏం, మనకి తొందరేముంది." పెన్సిలు ఒక ద్వీపం మీంచి ఇంకో ద్వీపం మీదికి గెంతుతోంది. పెళ్ళినాటి ఎఫ్తెర్పీ తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నట్టుంది. జీసిమోస్ సగం జీవితం సరుకు ఓడల ఇంజను గదుల్లో గడిచింది. ఆయన ప్రపంచమంతా తిరిగాడు. ఆవిడ తిరిగిన ప్రపంచం ఆయన ఉత్తరాల మీద అంటించిన తపాలా బిళ్ళలు. అందుకే ఈ వారం రోజుల ప్రయాణమంటే ఆవిడకి ప్రాణం.

"ఒక్కటే షరతు," అందావిడ పెన్సిలు పక్కన పెట్టి. "మనిద్దరమే. మూడో మనిషి కాలు పెట్టాడా, నేను పాత్రాలో మా చెల్లెలి ఇంటికి పోతా. నువ్వూ నీ పడవా కాపురం చేసుకోండి. ఇప్పుడు వెళ్ళి మెడకి మందు తెచ్చుకో. దారిలో ఎవరితోనూ నోరు విప్పకు."

ఆ చివరి మాటే కొంప ముంచింది.

మా ఊరు నీద్రిలో రహస్యమంటే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేది. కానీ జీసిమోస్ విషయంలో ఆ భయం లేదు. ఇంజన్ల హోరులో మాట వినపడదు కాబట్టి ఆయన ఓడలో అన్నాళ్ళూ మెడతోనే మాట్లాడాడు, ఒడ్డుకొచ్చాక కూడా అదే అలవాటు. మా గ్రీకువాళ్ళకి అవునంటే తల కిందికి, కాదంటే గడ్డం పైకి. కాదనేటప్పుడు కొందరు నాలుకతో చప్పుడు కూడా చేస్తారు. జీసిమోస్ లెక్కలో అది కూడా వాగుడే.

పడవకని కొన్న తాడు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మందుల కొట్టుకి కాఫీ కొట్టు మీదుగా పోవాలి. అక్కడ పాంటెలీస్ కూర్చున్నాడు. జీసిమోస్ పెళ్ళిలో వధూవరుల తలల మీద కిరీటాలు మార్చిన కుంబారో ఆయనే. మా దగ్గర కుంబారో అంటే సొంత అన్నదమ్ముడి కంటే ఒక మెట్టు ఎక్కువ, కాకపోతే అన్నదమ్ముడు అప్పుడప్పుడైనా ఇంటికి పోతాడు.

"కుంబారే, చంకలో ఆ తాడేంటి? కొత్తదా? పడవ దింపుతున్నావా ఏంటి?"

జీసిమోస్ కాదందామని గడ్డం ఎత్తబోయాడు. నరం చురుక్కుమంది. తల కిందికి వాలింది.

"చెప్పవేం మరి. ఎక్కడికి, వాథీకేనా?"

మళ్ళీ ఎత్తబోయాడు, మళ్ళీ వాలింది.

"వాథీ అంటే బ్రహ్మాండం. మేమూ రావచ్చా?"

ఈసారి జీసిమోస్ ఉన్న బలమంతా పెట్టాడు. తల మామూలుగా కాదు, గడ్డం చొక్కా బొత్తానికి తగిలేట్టు వాలింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాంటెలీస్ అవి చూసి కుర్చీలోంచి లేచి ఆయన్ని కావలించుకున్నాడు.

"ఏడవకురా. నువ్వింత ప్రేమగా పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను."

పక్క బల్ల దగ్గరున్న మాంసం కొట్టు స్టాథిస్ ఇదంతా చూస్తున్నాడు. ఏడుస్తూ పిలిచే పిలుపులు ఊళ్ళో రోజూ ఉండవు. "మరి నేనో? ఒక మేకపిల్లని కోసి తెమ్మంటావా?" అన్నాడు. జీసిమోస్ భయపడి, కదలకుండా ఉంటే మేలనుకుని ఊపిరి బిగబట్టాడు. అప్పుడే తుమ్మొచ్చింది. మేకపిల్ల ఖాయమైపోయింది.

మందుల కొట్టులో అత్తగారు అస్పాసియా ఎదురైంది. వార్త ఆయన కంటే ముందే అక్కడికి చేరింది.

"కుంబారోని పిలిచావు, మాంసం కొట్టువాణ్ణి పిలిచావు. నన్ను కూడా పిలుద్దామనే వచ్చావా అల్లుడూ?"

ఈ ప్రశ్నకి మెడ బాగున్నవాడు కూడా గడ్డం పైకి ఎత్తలేడు. అత్తగారు పైటచెంగు లాంటి నల్ల రుమాలుతో కళ్ళొత్తుకుంది. "ఇన్నేళ్ళకి నా మీద మనసు కరిగింది. పాలకూర కూరి కాల్చిన పిట్టా చేసి తెస్తా. పెద్ద పళ్ళెంలో."

ఇంటికొచ్చి జీసిమోస్ భార్య ఎదుట నిలబడ్డాడు. చెప్పాలంటే చాలా మాటలు కావాలి. అన్ని మాటలు ఆయన దగ్గర లేవు. పైగా ఆవిడ సంచిలో ఈత బట్టలు సర్దుకుంటూ కూనిరాగం తీస్తోంది. ఆ రాగాన్ని ఆపడానికి ఆయనకి మనసొప్పలేదు. పోనీ పిలుపు వెనక్కి తీసుకుందామా అంటే, కుంబారోకి ఇచ్చిన మాట తప్పినవాడికి మా ఊళ్ళో కాఫీ కూడా చల్లగానే వస్తుంది. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఊరు లేవకముందే బయల్దేరిపోవాలి.

ఊరు అంతకంటే ముందే లేచింది. మర్నాడు పొద్దున్న రేవులో అడుగుపెట్టేసరికి పాంటెలీస్ చేపల పడవకి జెండా కట్టి ఉంది. స్టాథిస్ మేకపిల్లనీ, ఇనప చువ్వనీ, బొగ్గుల సంచినీ ఎక్కిస్తున్నాడు. వాళ్ళ భార్యలు, బావమరుదులు, వాద్యం వాయించే ఒకాయన కూడా ఉన్నారు. అస్పాసియా ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని అల్లుడి పడవలో తెరచాప కొయ్యకి ఆనుకుని అప్పటికే కూర్చుంది.

ఎఫ్తెర్పీ సంచి కింద పెట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేది. కళ్ళు మాత్రం మసకబారాయి.

"పాత్రా బస్సు ఎన్నింటికి?" అని భర్తని అడిగింది.

జీసిమోస్ తన మెడ చూపించాడు, కుంబారోని చూపించాడు, మళ్ళీ మెడ చూపించాడు. తల ఎత్తబోయి వాల్చేశాడు. ఎఫ్తెర్పీ ఆ తల వంక కాసేపు చూసింది. భర్త భాషని ఇన్నేళ్ళుగా చదువుతున్న మనిషి. నిన్నటి కథంతా ఆవిడకి అర్థమైపోయింది. అర్థమైనంత మాత్రాన కోపం పోతుందా. వంగి సంచి అందుకుని వెనక్కి తిరిగింది.

"ఎఫ్తెర్పీ, ఎటు పోతున్నావ్?" పాంటెలీస్ పడవలోంచి కేకేశాడు. "మేం ముందు పోయి బొగ్గులు రాజేస్తాం. మీరు మెల్లగా తెరచాప మీద రండి. అందరం వాథీలో కలుద్దాం."

ఎఫ్తెర్పీ ఆగింది. "ఎక్కడ కలుద్దామన్నావ్?"

"వాథీలో. ఇంకెక్కడ?"

"వాథీలోనేగా?"

"వాథీలోనే అంటుంటే."

ఎఫ్తెర్పీ పెదవి చివర ఏదో కదిలింది. సంచితో పడవ ఎక్కి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, ఈ పడవలో మరుగుదొడ్డికి పోతే పంపు చేత్తో కొట్టుకోవాలి. ముప్పైసార్లన్నా కొట్టాలి. కొట్టకపోతే పైకి తన్నుకొస్తుంది." అస్పాసియా ఇంకో మాట లేకుండా పళ్ళెంతో సహా కుంబారో పడవలోకి మారిపోయింది. అక్కడ గొడుగూ ఉంది, కుర్చీ కూడా ఉంది.

చేపల పడవ పాటలు పాడుకుంటూ ముందు సాగింది. రేవు దాటాక ఎడమకి తిరిగి, ఎదురుగా కనిపిస్తున్న మెగానీసి ద్వీపం వైపు పోయింది. జీసిమోస్ కూడా అలవాటుగా చుక్కాని అటే తిప్పబోయాడు. ఎఫ్తెర్పీ ఆయన చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆ వాథీ కాదు. అక్కడికి మీ మేనత్త తద్దినాలకి మూడుసార్లు పోయాను. నేనన్నది ఇథాకా వాథీ."

వాథీ అంటే లోతు. లోతైన రేవు ఎక్కడ కనిపిస్తే అక్కడ మా పెద్దలు ఆ పేరే పెట్టేసి చేతులు దులుపుకున్నారు. కొత్త పేరు ఆలోచించే శ్రమ పడలేదు. ఊరంతా వాథీ అనుకున్నారు, ఏ వాథీ అని ఒక్కరూ అడగలేదు. నీద్రివాళ్ళకి వాథీ అంటే పక్కనున్న మెగానీసిదే.

"పెళ్ళైన ఏడాది ఇథాకా వాథీకి పోదామని టికెట్లు కొన్నాం," అంది ఎఫ్తెర్పీ. "ఆ పొద్దున్నే నిన్ను వెంటనే ఓడెక్కమని కంపెనీ నుంచి తంతి వచ్చింది. నువ్వు మర్చిపోయావు."

జీసిమోస్ మర్చిపోలేదు. ఆవిడ మర్చిపోయి ఉంటుందని, గుర్తుచేసి బాధపెట్టడం ఎందుకని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసి, చుక్కాని ఆవిడకి ఇచ్చేశాడు. దానికంటే పెద్ద మాట ఆయనకి రాదు.

మధ్యాహ్నం మాయిస్త్రో లేచింది. వాయవ్యం నుంచి వచ్చే ఆ గాలి పెద్ద తెరచాపని ఫట్‌మని నింపింది. పడవ ఒక పక్కకి ఒరిగి దూకుడుగా పోతోంది. నీళ్ళు ఎగిరి ఎఫ్తెర్పీ ముఖం మీద పడుతున్నాయి. ఆవిడ రుమాలు విప్పేసి జుట్టు గాలికి వదిలింది. "ఇంకా వేగంగా పోతుందా ఇది?" అని అడిగింది. జీసిమోస్ తాడు బిగించాడు. పడవ ఇంకాస్త ఒరిగింది. ఆవిడకి నవ్వాగలేదు. ఇంత సంతోషం ఇన్నేళ్ళూ ఇక్కడ, ఇంటికి ఒక్క పగటి దూరంలో ఊరికే పడి ఉందా అని జీసిమోస్‌కి ఆశ్చర్యం వేసింది.

పొద్దు వాలేవేళకి ఇథాకా వాథీలో లంగరు వేశారు. కొండలు చుట్టూ చేతులు చాపినట్టున్న రేవులో నీళ్ళు కదలడం లేదు. ఎఫ్తెర్పీ ఆయన మెడకి మందు రాసి, బొటనవేళ్ళతో గట్టిగా పిసికింది. ఎక్కడో కటుక్కుమంది.

"అందర్నీ వదిలేసి వచ్చామని బాధగా ఉందా?"

జీసిమోస్ గడ్డం ఎత్తాడు. అది హాయిగా, నొప్పి లేకుండా, ఆకాశం దాకా లేచింది. ఆ ముచ్చట తీరక మళ్ళీ ఎత్తాడు.

అప్పుడు ఫోను మోగింది. ఎఫ్తెర్పీ తీసింది. అవతల పాంటెలీస్.

"ఎక్కడున్నారు? మేక మాడిపోతోంది. మేం వాథీలో ఉన్నాం."

"మేమూ వాథీలోనే ఉన్నాం అన్నయ్యా."

వెనకాల అస్పాసియా గొంతు, "ఇథాకా వాథీ అయ్యుంటుంది, దాని బుద్ధి నాకు తెలుసు," అంది. పాంటెలీస్ పగలబడి నవ్వాడు. "ఫోను వాడికివ్వమ్మా. కుంబారే, మేం రేపు పొద్దున్నే అక్కడికి బయల్దేరి వచ్చేస్తాం. పిట్టా ఇంకా ముట్టుకోలేదు. రావద్దంటే ఇప్పుడే చెప్పెయ్, నీ మీద ఒట్టు, ఏమీ అనుకోను. వద్దా?"

జీసిమోస్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, నిటారుగా కూర్చుని, బాగుపడిన మెడని గర్వంగా పైకెత్తాడు. అంత స్పష్టమైన 'వద్దు' మా లెఫ్కాదా ద్వీపం పుట్టాక ఎవరూ చెప్పి ఉండరు.

"మాట్లాడవేం? మళ్ళీ ఏడుస్తున్నావా? సరే సరే, మౌనం అర్ధాంగీకారం. పొద్దున్నే కలుద్దాం," అని పాంటెలీస్ ఫోను పెట్టేశాడు.

ఎఫ్తెర్పీ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. జీసిమోస్ కంగారుపడి దగ్గరికి జరిగి చూస్తే, ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేట్టు నవ్వుతోంది. కాసేపటికి తేరుకుని, రుమాలు మళ్ళీ తలకి బిగించి, లంగరు గొలుసు దగ్గరికి నడిచింది.

"లే, లంగరు ఎత్తు. ఇంకో వాథీ ఎక్కడైనా ఉందా?"

జీసిమోస్ తల కిందికి దించాడు, ఈసారి నిజంగానే.