గవర్రాజు గారి పులి

గండ్రగొడ్డలి గవర్రాజు నిజమైన పులితో కలబడ్డాడని విజయవాడలో నమ్మనివారు లేరు. పాత అడవి సినిమాల్లో ఆయనే విలన్. ఒక చిత్రంలో వట్టి చేతులతో పులిని లొంగదీశాడనీ, భుజం మీది మచ్చ దాని పంజా గుర్తేననీ, ఆ అవమానంతో పులి మళ్లీ అన్నం ముట్టలేదనీ చెప్పుకుంటారు. పులి అన్నం ముట్టకపోవడంలో వింతేముందని అడిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. దయ్యాలనూ, బాబాలనూ, వాస్తునూ ధైర్యంగా ఎదుర్కొన్నాను. గవర్రాజును మాత్రం ఎదుర్కోలేకపోయాను. ఆయన అభిమాని మా ఇంట్లోనే ఉంది.

“ఆయన ఒక్క కనుబొమ్మ ఎత్తితే అడవంతా వణికేదండీ!” అంటుంది మా ఆవిడ చౌడేశ్వరమ్మ.

“నేను రెండూ ఎత్తినా కాఫీ రాదు.”

“మీరు ఎత్తితే కళ్లజోడు జారుతుంది. అంతే.”

ఎదురింటి భానుచందర్ అడవి సినిమాల అభిమాన సంఘానికి అధ్యక్షుడు. ఒకరోజు పిడుగులాంటి వార్త తెచ్చాడు. ఆదివారం గవర్రాజు గన్నవరంలో విమానం దిగుతున్నాడట; సన్మానం మా ఇంటి హాల్లోనేనట; ఆ పులి సినిమా కూడా వేస్తారట.

ఆ క్షణం నుంచి వంటింట్లో నేతి వాసన. నా షుగరు పుణ్యమా అని ఇంటి నుంచి బహిష్కృతమైన బందరు లడ్డు సగౌరవంగా తిరిగి వచ్చింది.

“ఎనభై దాటినాయనకి లడ్డూలేమిటే? ఆయనకి షుగరుండదా?”

“పులిని పట్టినాయనకి షుగరేంటండీ!”

అసూయ శాస్త్రీయ దృక్పథం కాదని నాకు తెలుసు. అయినా మా మామగారు పెళ్లికి పెట్టిన పడక్కుర్చీలో చేరబడి, ఆ సినిమాను ఆపి ఆపి చూశాను. ఇన్నేళ్లయినా ఆ కుర్చీ గుడ్డ చిరగలేదు. నా పట్టుదలా సడలలేదు. చివరికి దొరికింది! పులి ఒంటి మీద జానెడు జానెడుకూ అవే చారలు, అదే వంపు. ప్రకృతి ఏ పులికీ అలా గీయదు.

ఆదివారం హాలు నిండిపోయింది. గవర్రాజు చేతికర్రతో వచ్చాడు. మా ఆవిడ ఆయనను నా పడక్కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను ప్లాస్టిక్ స్టూలు మీదికి తరిమింది. ఆయన రెండో లడ్డు అందుకున్నప్పుడే నా జాలి అంతరించింది.

టీవీలో పులి దూకింది. ఈలలు మోగాయి. నేను రిమోట్ నొక్కి బొమ్మను ఆపాను.

“చూడండి! చారలన్నీ ఒకే అచ్చు. ఇది పులి కాదు, అద్దకం గుడ్డ!”

“ఎంత పని చేశారండీ మాస్టారూ!” అని భానుచందర్ కూలబడ్డాడు.

గవర్రాజు మా ఆవిడ వంక చూశాడు. “చెప్పేద్దామా అమ్మడూ?”

“ఇంకేం దాస్తాం బాబాయిగారూ, కనిపెట్టేశారుగా!”

బాబాయిగారా?

“అది పెడనలో మా నాన్న అద్దిన పులండీ,” అంది మా ఆవిడ అందరితో. “నేను అప్పటికి చిన్నపిల్లని. ఆ గుడ్డతో కుట్టిన పులివేషం కొలత సరిపోయిందో లేదో చూద్దామని బాబాయిగారికే తొడిగితే, దాని కొక్కెం భుజానికి గీరుకుపోయింది. ఆ మచ్చ అదే.”

“మరి ఇన్నాళ్లూ నిజం పులే అన్నావేం?” అన్నాను.

“సినిమాలో మా నాన్న పేరు వెయ్యలేదండీ. జనం నిజం పులే అనుకోవడమే ఆయనకి సన్మానం. నేను ఆ సినిమా ఈయన కోసం చూస్తున్నాననుకున్నారా? పులి కోసమండీ! బాబాయిగారు కూడా చంపలేనిదాన్ని మీరు రిమోట్‌తో చంపేశారు.”

స్టూలు మీద నేను మరింత చిన్నవాణ్ణయ్యాను.

“మిగిలిన గుడ్డ ఏమైందమ్మా?” అన్నాడు గవర్రాజు, కుర్చీ అంచు తడుముతూ.

మా ఆవిడ ఆయనను లేవదీసి, పడక్కుర్చీ గుడ్డను తిరగేసింది. అడుగున జానెడు జానెడుకూ అవే చారలు, అదే వంపు.

గవర్రాజు ఏనాడూ పులితో కలబడలేదు. పెళ్లయిన నాటి నుంచీ దాని వీపు మీద కూర్చుని పేపరు చదువుతున్నవాణ్ణి నేను.