లబ్ధిదారు నంబర్ వన్

"మన ఫాలో-అప్ పడిపోయింది సార్" అంది నర్సు పద్మలత. మేడ్చల్ యువమానస కేంద్రం చైర్మన్ రాజారావుగారి చెవికి అది "ఫాలోయింగ్" అని చేరింది. దాంతోపాటు ఆయన కూడా కుర్చీలోంచి సగం పడిపోయారు.

"ఫాలోయింగ్ కాదు సార్, ఫాలో-అప్! లేని గొంతులు ఇనబడుతున్నయని వచ్చిన పిల్లలు మందులు మధ్యలనే ఆపేసి వస్తలేరు. నలభై మందిల పదకొండు మందే మిగిలిన్రు."

"రెండూ ఒకటేనమ్మా. మన ఎంబడి వచ్చెటోళ్లు తగ్గిన్రు" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇంతటి మేధ మేడ్చల్‌కే దక్కిందని అనుచరుడు పరమేష్ మురిసిపోయాడు. కేంద్రం ప్రచారమంతా అతని చేతిమీదే నడుస్తోంది. మొదటి పేషెంటు, ఇరవై ఏళ్ల షాహబాజ్ ఫొటోతో గౌడవెల్లి బస్టాపులో పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టించింది అతనే: "మతి కుదిర్చిన మహానేతకు లబ్ధిదారు కృతజ్ఞతలు." అందులో మహానేత పదడుగులు, లబ్ధిదారు రెండడుగులు.

కారణం కనుక్కు రమ్మని చైర్మన్‌గారు పంపితే పరమేష్ నేరుగా షాహబాజ్ ఇంటికే వెళ్లాడు. గుమ్మంలోనే తల్లి షహర్ బాను పట్టుకుంది.

"మస్తు పరేషాన్ ఉన్న పరమేష్ బేటా. గోలీలు వచ్చే జుమ్మా, గదే శుక్రారం దాంకనే ఉన్నయ్. అవి ఆగితే పిలగానికి మళ్ల నిద్రుండది. నడువురా అంటే కదుల్తలేడు."

లోపల్నుంచి షాహబాజ్ అందుకున్నాడు. "లేని గొంతులు ఇనబడుతుండె అన్నా ముందుగాల. గోలీలతోని అవి పోయినయ్. గిప్పుడు ఉన్న గొంతులు ఇనబడుతున్నయ్. నేను పనిచేసే జీడిమెట్ల కంపెనీల 'ఏం లబ్ధిదారూ' అని ఒక్కటే పిలుసుడు. దీనికేమన్న గోలీ ఉన్నదా?"

"గదంత సరే. కారణమేంది తమ్మీ?"

"ఫ్లెక్సీ అన్నా! రేపు మా ఫొటోలు గూడ కడ్తరని మిగిలినోళ్లు భయపడుతున్నరు. అది దింపు, రేపే వస్త."

పరమేష్ శ్రద్ధగా రాసుకొచ్చాడు. కారణం: ఫ్లెక్సీ. రాజారావుగారు చదివి గంభీరంగా తలూపారు.

"నిజమే. ఒక్కనికే కడితే మిగిలినోళ్ల మనసు నొయ్యదా? అందరికీ కట్టు!"

నలభై ఫ్లెక్సీలు లేచాయి. పదకొండు మంది ఇద్దరయ్యారు.

ఇక లాభం లేదని బుధవారం శామీర్‌పేటలో 'హాజరు మహోత్సవం' ప్రకటించారు. రానివాళ్లను మైకులో పేరుపేరునా సగౌరవంగా పిలవడం కార్యక్రమం. పద్మలత రిజిస్టర్ ఇవ్వనంది.

"ఇది గోప్యంగ ఉంచాలె పరమేష్!"

"గోప్యంగ ఉంచితే మన గొప్ప ఎట్ల తెలుస్తది సిస్టర్?" అని పరమేష్ దాన్ని లాక్కుపోయాడు.

వేదిక మీద నలభై పేర్లూ తండ్రి పేర్లతో సహా చదివాడు. ఒక్కరూ లేవలేదు. చివర్న కొత్త సిరాతో ఇంకో పేరుంది. అదే ఊపులో అదీ అందుకున్నాడు.

"నలభై ఒకటి. హరిచందన, తండ్రి పేరు రాజారా..."

చైర్మన్‌గారు మైకు మీదికి దూకారు. "బంద్ చెయ్యిరా! సిస్టర్, ఎనక గేటు నుంచి తీస్కొచ్చిన గద! నా బిడ్డ పేరు రాయొద్దంటి గద! నలుగుట్ల తెలిస్తే పిల్ల మొకం ఎట్ల సూపిస్తది?"

మైకు మాత్రం బంద్ కాలేదు. ఆ మాట శామీర్‌పేట చెరువు అవతలికి కూడా వినబడింది.

ముందు వరుసలోంచి హరిచందన లేచింది. "నాయినా, నా ఫ్లెక్సీ ఏ చౌరస్తాల కడుతున్నరు?"

సాయంత్రానికల్లా నలభై ఫ్లెక్సీలూ దిగాయి.

శుక్రవారం పొద్దున్నే షాహబాజ్ తల్లిని వెంటబెట్టుకుని కేంద్రానికి వచ్చాడు. గేటు దగ్గర పరమేష్ నిచ్చెనెక్కి కొత్త ఫ్లెక్సీ కడుతున్నాడు: "ఫ్లెక్సీలు దింపించిన మహానేతకు లబ్ధిదారు కృతజ్ఞతలు."

కింద మూలన రెండడుగుల జాగా ఖాళీగా ఉంది.

"మంచిగ దొరికినవ్ తమ్మీ," అంటూ పరమేష్ నిచ్చెన మీది నుంచే ఫోన్ తీశాడు. "జర ఇటు సూసి నవ్వు."