ఫరీద్ సెన్సర్ యాత్ర

జనగామలో లాండ్రీ నడిపే ఫరీద్‌కు ఆ పొద్దు ఒకటే పని: దవాఖాన దుప్పట్లు ఇరవై ఆరబెట్టి, ఇస్త్రీ చేయించి పంపడం. వారం నుంచి తడివే పోతున్నాయి. "రేపు గూడ చెమ్మ తగిలితే వేరే లాండ్రీ చూసుకుంటం" అని కంపౌండర్ రాంజీ చెప్పి పోయాడు. ఆ దుప్పట్లు లేకపోతే లాండ్రీయే లేదు.

తప్పంతా డ్రయ్యర్‌దేనని ఫరీద్ నమ్మకం. మిషను తిప్పి, ఎదురు హోటల్లో చాయ్ తాగి వచ్చేసరికి అది ఆగి ఉంటుంది. వారం కింద ఇస్త్రీ పనికి చేరిన తుల్సీబాయి దుప్పట్లు తీసి, చుట్టలు చుట్టి గంపలో పేర్చి ఉంటుంది. ముట్టుకుంటే చెమ్మ. మళ్లీ మిషన్లో వేస్తాడు, మళ్లీ చాయ్, మళ్లీ చెమ్మ. కరెంటు పోయేదాకా అదే వరస, పోయాక ఆ చెమ్మవే దవాఖానకు. ఆ వారం మిషను తిరిగిన తిరుగుడుకు, కాళ్లుంటే కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి వచ్చేది.

మెకానిక్ హన్మంత్ లోపలికి తొంగిచూశాడు. "గీ రెండు ఉక్కు పట్టీలే సెన్సర్, ఫరీద్ భాయ్. బట్ట ఆరిందో లేదో చెప్పేది గిదే. అబద్ధమాడుతున్నది. కొత్తది హన్మకొండల దొరుకుతది."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు. ఫరీద్ సైకిలెక్కాడు.

మరునాడు సెన్సర్ జేబులో వేసుకొని తిరిగి వస్తుంటే, ఘన్‌పూర్ దగ్గర నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి సమ్మెకారుల వంటావార్పు. పట్టి కూర్చోబెట్టి విస్తరి వేశారు.

"ఏడికెళ్లి వస్తున్నవన్నా?"

"హన్మకొండ."

"సైకిల్ మీదనా? తెలంగాణ కోసమేనా?"

నోట్లో ముద్ద ఉంది. ఫరీద్ తల ఊపాడు. మెడలో దండ పడింది. పది సైకిళ్లు వెంట కదిలాయి. జనగామ చేరేసరికి నలభై అయ్యాయి, ఒక విలేకరి కూడా కలిశాడు. అందరూ లాండ్రీ ముందు దిగారు. లోపల రాంజీ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

హన్మంత్ సెన్సర్ మార్చాడు. ఇంతమంది ముందు చాయ్‌కి పోలేక ఫరీద్ అక్కడే నిలబడ్డాడు. మిషను తిరిగి, ఆగింది. దుప్పటి ముట్టుకుంటే అప్పడంలా ఆరి ఉంది. జనం చప్పట్లు కొట్టారు.

తుల్సీబాయి చెంబు తెచ్చి, ఆ దుప్పటి మీద నీళ్లు చల్లి, చుట్ట చుట్టింది.

"అక్కా, ఏం చేస్తున్నవ్?"

"ఇస్త్రీకి పదును పెడుతున్న, చెమ్మ లేంది ముడత పోదు. రోజూ పెట్టేదే గద. నువ్వే మళ్ల తీస్కపోయి మిషన్ల ఏస్తవు."

"మరి చెప్పొద్దా?"

"మిషన్ బట్ట నాకేమెరుక ఫరీదన్న. రెండుమార్లు ఎండబెట్టాలేమో అనుకున్న."

హన్మంత్ తన సంచీ సర్దుకునే పనిలో పడ్డాడు. రాంజీ నవ్వాపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. "ఇస్త్రీ చేసియ్యిండ్రి, కూసుంట. దవాఖాన యాడికి పోదు."

తెల్లారి పేపర్లో పడింది: ప్రత్యేక రాష్ట్రం కోసం లాండ్రీ యజమాని సైకిల్ యాత్ర. ఫరీద్ ఆ ముక్క కత్తిరించి డ్రయ్యర్‌కే అంటించాడు. అందులో సెన్సర్ మాట లేదు, ఫరీదూ ఎత్తలేదు.